వైరల్ అయిన రోజున ఉద్యోగి ఏం చెయ్యాలి?

సీతంపేట ఏజెన్సీలో పనిచేసే ఏఎన్‌ఎంకైనా, ఆశ్రమ పాఠశాల వార్డెన్‌కైనా, సచివాలయ ఉద్యోగికైనా ఇప్పుడు మెమో కంటే ముందు వీడియో వస్తోంది. కొండ మీది సవర గూడ నుంచి గర్భిణిని డోలీలో మోసుకొస్తుంటే పొద్దున్న ఎవరో ఫోనులో తీస్తారు. మధ్యాహ్నానికి అది పాలకొండ గ్రూపుల్లో, పార్వతీపురం గ్రూపుల్లో తిరుగుతుంది. సాయంత్రానికి దాని కింద ఒక పేరు, ఒక ఫొటో చేరతాయి. 'ఈవిడే ఆ ఊరి నర్సమ్మ, ఎక్కడుందో అడగండి' అని. రాత్రికి పైనుంచి ఫోను, మర్నాడు సస్పెన్షన్ ఉత్తర్వు. ఆ గూడకి రోడ్డు ఎందుకు లేదన్న ప్రశ్న మాత్రం మధ్యాహ్నమే ఎక్కడో జారిపోతుంది.

బయటి ప్రపంచంలో దీన్ని క్యాన్సిల్ కల్చర్ అంటున్నారు. 2013 డిసెంబరులో లండన్ నుంచి కేప్‌టౌన్‌కి విమానం ఎక్కిన ఒక ఉద్యోగిని ఎక్కే ముందు ఒక చెడ్డ జోకు ట్వీట్ చేసింది. దిగేసరికి ప్రపంచమంతా ఆమెను తిడుతోంది, ఆ వెంటనే ఉద్యోగమూ పోయింది. 2020 జులైలో హార్పర్స్ పత్రికలో నూటయాభై మందికి పైగా రచయితలు, మేధావులు ఈ ధోరణిని తప్పుబడుతూ ఉత్తరం రాశారు. ఇన్నాళ్లూ జవాబు చెప్పకుండా తప్పించుకున్న పెద్దవాళ్లు ఇప్పుడు చెప్పాల్సి వస్తోందని బాధపడుతున్నారా అంటూ మరికొందరు వాళ్లకు జవాబిచ్చారు. ఆ వాదనలో రెండు పక్షాలకూ పలుకుబడి ఉంది. మన కొండల్లో పేరు బయటపడేది పలుకుబడి లేని ఉద్యోగిది. అందుకే ఈ సలహా వాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు ఒక మాట ఖచ్చితంగా చెప్పాలి. వీడియో తీసినవాడు శత్రువు కాదు. డోలీ దృశ్యాలు పదే పదే బయటికి రాకపోయి ఉంటే ఏజెన్సీ రోడ్ల కోసం 2025 ఏప్రిల్‌లో 'అడవితల్లి బాట' లాంటి కార్యక్రమం మొదలయ్యేదని నేను నమ్మను. అర్జీలు పెట్టి పెట్టి అలిసిపోయిన ఊళ్లకు ఫోను దొరికింది. ఈ కొండలకు జ్ఞాపకం కూడా ఉంది. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు దగ్గర లేవిడిలో కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులను భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. కోర్టులో నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. శ్రీకాకుళ గిరిజనోద్యమం ఆయుధం పట్టడానికి ఆ కేసు ఒక కారణం. న్యాయం అడిగిన చోట జవాబు రాకపోతే జనం మరో చోటు వెతుక్కుంటారు. కాబట్టి మిమ్మల్ని నిలదీసేవాళ్ల కోపంలో నిజం ఉందని ఒప్పుకుని మొదలుపెట్టండి. ఆ నిజంలో మీ వాటా ఎంతో తేల్చడం తర్వాతి పని.

వీడియో మీ కంటపడిన మొదటి గంటల్లో చెయ్యకూడనివి చేసేవాళ్లే ఎక్కువ. గ్రూపులో జవాబు పెట్టకండి. తీసిన కుర్రాడికి ఫోను చేసి బతిమాలకండి, బెదిరించకండి. ఆ ఫోను కూడా రికార్డయి రెండో వీడియో అవుతుంది. బంధువులతో మీ తరఫున కామెంట్లు పెట్టించకండి. ఫోను ఆపేసి ఊరెళ్లిపోవడం అన్నిటికంటే చేటు. 'పరారీలో ఉన్నారు' అన్న మాట ఒకసారి పడితే చెరిగిపోదు. పాత మెసేజీలు, ఫొటోలు తుడిచెయ్యకండి. మీకు అనుకూలమైన సాక్ష్యం కూడా వాటిలోనే ఉంటుంది.

చెయ్యాల్సింది ఇది. ఆ వీడియోను, దాని కింద ఉన్న రాతలను తేదీ కనిపించేలా దాచుకోండి. ఆ రాత్రి పడుకోబోయే ముందు ఒక తెల్లకాగితం మీద ఆ రోజు జరిగినది గంటల వారీగా రాసుకోండి. రెండు రోజులు పోతే జ్ఞాపకం మనకు నచ్చినట్టు మారుతుంది. తెల్లవారగానే మీ పై అధికారికి మీరే రాతపూర్వకంగా తెలియజేయండి. వాళ్లడిగే దాకా ఆగకండి. నకలు మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయమంటే విసుక్కునే గుమాస్తాలుంటారు. అయినా అక్కడే నిలబడి వేయించుకోండి.

మెమో వచ్చాక సంజాయిషీ రాయడంలోనే చాలామంది దెబ్బతింటారు. 'నా తప్పేమీ లేదు, ఎవరో కావాలని చేశారు, దయతో క్షమించగలరు' అని రాస్తారు. తప్పు లేనప్పుడు క్షమాపణ ఎందుకని విచారణాధికారి అడుగుతాడు. సంజాయిషీలో విశేషణాలుండకూడదు. సమయాలుండాలి. ఒక ఏఎన్‌ఎం ఇలా రాసిందనుకోండి: 'ఉదయం 7.40కి ఆశా కార్యకర్త ఫోను చేసింది. 7.45కి 108కి చెప్పాను. ఘాటు కింద దాకానే బండి వస్తుందన్నారు. ఆ సమయానికి నేను పక్క గూడలో టీకాలు వేస్తున్నాను, మూవ్‌మెంట్ రిజిస్టరు చూడవచ్చును. కాలినడకన 9.30కి చేరాను. కాన్పు తేదీకి ముందే గర్భిణుల వసతి గృహానికి రమ్మని రెండుసార్లు ఇంటికి వెళ్లి చెప్పాను. ఇంట్లో చిన్నపిల్లలున్నారని రాలేదు. మూడోసారి వెళ్లవలసింది, వెళ్లలేదు.' ఈ చివరి వాక్యం చాలామంది కొట్టేస్తారు. ఉంచమంటాను. ఉన్న లోపాన్ని ఉన్నంతే ఒప్పుకున్న మనిషి మిగతా మాటలకు బలం వస్తుంది.

ఇలా రాయాలంటే రిజిస్టరు ఆ రోజుకారోజు నిండి ఉండాలి. నెలాఖరున ఒకే పెన్నుతో, ఒకే ఊపులో నింపిన పేజీలు ఏ విచారణలోనైనా ఇట్టే తెలిసిపోతాయి. ముఖహాజరు యాప్‌కి సిగ్నల్ అందని గూడల్లో పనిచేసేవాళ్లు సిగ్నల్ లేదన్న సంగతి కూడా ఆ రోజే రిజిస్టరులో రాసి, సిగ్నల్ ఉన్న చోటికి రాగానే పై అధికారికి మెసేజీ పెట్టాలి. వార్డెన్లకైతే ఇంకా ముఖ్యం. నీళ్ల ట్యాంకు కడిగిన తేదీ, ఫిల్టరు పాడైన తేదీ, బాగుచెయ్యమని రాసిన ఉత్తరం నకలు దగ్గర ఉండాలి. 2025 అక్టోబరులో కురుపాం గిరిజన బాలికల గురుకులంలో పచ్చకామెర్లు పాకి పిల్లలు పెద్ద సంఖ్యలో ఆసుపత్రి పాలయ్యారు, ఇద్దరు బాలికలు చనిపోయారు. అలాంటి చోట అసలు ప్రశ్న ఏ నీళ్లు తాగారన్నది. ఆ ప్రశ్నకు జవాబు కాగితం మీద లేకపోతే చేతికి దొరికిన మనిషిని శిక్షించి అందరూ ఊరుకుంటారు. తర్వాతి బ్యాచి పిల్లలు అవే నీళ్లు తాగుతారు.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటుంది. వీడియోలో ముసలమ్మ సవరలో మాట్లాడుతుంది. కింద తెలుగు రాత వేసినవాడికి సవర రాదు. 'నర్సమ్మ నిన్న వచ్చింది, ఇవాళ పై గూడకి పోయింది' అని ఆమె అంటే తెరమీద 'నర్సు రాదు, పట్టించుకోదు' అని పడుతుంది. మీ విషయంలో ఇలా జరిగితే సవర తెలిసిన ఇద్దరి చేత మాట మాటకీ తెలుగు రాయించి, వాళ్ల సంతకాలతో సంజాయిషీకి జతచెయ్యండి. పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాసిన గిడుగు రామమూర్తి గారి నేల ఇది. ఇక్కడ ఉద్యోగం చేస్తూ నాలుగు సవర మాటలు నేర్చుకోనివాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. భాష వచ్చిన ఉద్యోగి మీద ఊరు అంత తేలిగ్గా ఫోను ఎత్తదు.

సస్పెండ్ చేశారనుకోండి. అది శిక్ష కాదు, విచారణ పూర్తయ్యేదాకా పక్కన ఉంచడం మాత్రమే. బంధువులకూ పిల్లలకూ ఈ మాట మీరే చెప్పండి. ఆ కాలంలో సగం జీతపు సెలవుకి వచ్చేంత జీవనాధార భత్యం, దాని మీద కరువు భత్యం మీ హక్కు. మరో ఉద్యోగం చెయ్యడం లేదని నెలనెలా ధ్రువపత్రం ఇస్తేనే అది వస్తుంది. ఇవ్వక నెలల తరబడి పస్తులున్నవాళ్లున్నారు. ఉత్తర్వులో చెప్పిన హెడ్‌క్వార్టరు అనుమతి లేకుండా వదలకండి. మూడు నెలల్లో అభియోగపత్రం ఇవ్వకపోతే సస్పెన్షన్‌ను సాగదీయకూడదని అజయ్ కుమార్ చౌదరి కేసులో 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పును ఉటంకిస్తూ అర్జీ పెట్టండి. విచారణలో మీ మీద వాడే పత్రాల నకళ్లు అడగండి, సాక్షులను ప్రశ్నించండి, మీకు సాయంగా ఒక సహోద్యోగిని తీసుకెళ్లండి. ఈ హక్కులు 1991 నాటి సీసీఏ నిబంధనల్లో ఉన్నాయి. యూనియన్ ఆఫీసులో ఆ పుస్తకం దొరుకుతుంది.

కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ వాళ్ల గతి వేరు. వాళ్లను సస్పెండ్ కూడా చెయ్యరు, 'రేపట్నుంచి రావద్దు' అంటారు. ఏజెన్సీ బడుల్లో చాలా భారం మోసే సీఆర్‌టీలు (కాంట్రాక్టు రెసిడెన్షియల్ టీచర్లు), వంటవాళ్లు, అటెండర్లు ఒక్క వీడియోతో అలా నోటిమాట మీద పోతారు. నోటిమాటకు తలవంచకండి. 'ఉత్తర్వు రాతపూర్వకంగా ఇవ్వగలరు' అని అర్జీ ఇచ్చి, ఇచ్చేదాకా విధికి హాజరవుతున్నట్టు నమోదు చేసుకోండి. తప్పు చేశారన్న మచ్చ వేసి తీసెయ్యాలంటే కాంట్రాక్టు ఉద్యోగికైనా ముందు వివరణ అడగాలన్నది కోర్టులు పలుమార్లు చెప్పిన మాట. కలిసి అడిగేవాళ్లు లేకపోతే ఇదంతా కాగితాల్లోనే మిగిలిపోతుంది. పర్మినెంటు ఉద్యోగుల సంఘాలు వీళ్ల పక్కన నిలబడకపోవడం నా దృష్టిలో పెద్ద తప్పు.

ఒక్కోసారి ప్రశ్నించే పక్షంలో ఉద్యోగే ఉంటాడు. మందులు లేవు, బియ్యం పురుగు పట్టింది, బండి పాడైంది అని అతనే చెప్పాల్సి వస్తుంది. నర్సీపట్నం ఏరియా ఆసుపత్రి మత్తు వైద్యుడు డాక్టర్ సుధాకర్ 2020 ఏప్రిల్‌లో మాస్కులు చాలడం లేదని కెమెరా ముందు చెప్పారు. సస్పెండ్ చేశారు. మే 16న విశాఖలో ఆయన చేతులు వెనక్కి విరిచికట్టి పోలీసులు తీసుకెళ్లిన దృశ్యం రాష్ట్రమంతా చూసింది. మానసిక వైద్యశాలకు పంపారు. హైకోర్టు సీబీఐ దర్యాప్తుకు ఆదేశించింది. 2021 మే 21న ఆయన గుండెపోటుతో చనిపోయారు. ఆయన అడిగినవి రోగి దగ్గరికి వెళ్లే వైద్యుడికి కావలసిన మాస్కులు. అడగడం తప్పని ఎవరన్నా నేను ఒప్పుకోను. మీరు ఆ స్థితిలో ఉంటే మాత్రం కెమెరా కంటే ముందు కాగితం పెట్టండి. కొరత ఏమిటో, ఎప్పటినుంచో, దానివల్ల ఏ రోగికి ఏమైందో రాసి పై అధికారికి ఇవ్వండి. వారం ఆగి గుర్తుచేస్తూ మళ్లీ రాయండి. ఒక్కరి పేరుతో కాక సిబ్బంది అందరి సంతకాలతో ఇవ్వండి. సర్కారును బాహాటంగా విమర్శించడం మీద 1964 ప్రవర్తనా నియమావళిలో ఆంక్షలున్నాయి. అలాగని ఉద్యోగికి అభిప్రాయమే ఉండకూడదని కాదు. ఆ హక్కు ఉద్యోగంలో చేరినంత మాత్రాన పోదని త్రిపుర హైకోర్టు 2020లో తీర్పిచ్చింది.

వీడియో తీసే యువకులకూ ఇదే చోట చెప్పాలి, వాళ్లలోనూ ఉద్యోగస్తులున్నారు, రేపు కాబోయేవాళ్లున్నారు. లేని రోడ్డును తీయండి, తాళం వేసిన గదిని, తేదీ దాటిన మందు సీసాను తీయండి. బడి పిల్లల ముఖాలు చూపించకండి. లైంగిక వేధింపుల కేసుల్లో బాధితురాలి గుర్తింపు బయటపెట్టడాన్ని చట్టం నిషేధిస్తోంది. ఆఫీసుల్లో అలాంటి ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతోంది, అక్కడ ఫిర్యాదు చేయించండి. ఉద్యోగి ఇల్లు, కులం, భర్త, పిల్లల ప్రస్తావన తేకండి. వీడియో పెట్టే ముందు ఆ ఉద్యోగిని ఒక్క ప్రశ్న అడిగి జవాబునూ అందులో చేర్చండి. పెట్టాక సోమవారం ఐటీడీఏ అర్జీల వేదికలో అదే విషయం రాసిచ్చి రసీదు తీసుకోండి. సమాచార హక్కు కింద అడిగితే ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఆ జవాబుతో తీసిన రెండో వీడియోకి మొదటిదానికంటే విలువ ఎక్కువ.

బహిరంగంగా నిలదీసే పద్ధతి మనకు కొత్త కాదు. ఉపాధి హామీ పనులకు 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీలు జరిగాయి. 2009లో దానికోసం ప్రత్యేక సంస్థే పెట్టారు. తనిఖీ చేసేవాళ్లు ఇంటింటికీ వెళ్లి మస్టరులో ఉన్న రోజులు కూలీ చెప్పిన రోజులతో సరిపోతున్నాయా అని చూస్తారు. తర్వాత మండల ప్రజావేదికలో ఫీల్డ్ అసిస్టెంటు ఎదుటే, కూలీల ఎదుటే అంతా చదువుతారు. అతనికి చెప్పుకునే అవకాశం ఉంటుంది. తిన్నది తేలితే ఇంత కట్టాలని అక్కడే రాస్తారు. తేలిన డబ్బు పూర్తిగా వసూలు కాకపోవడం దాని పాత జబ్బు, కాదనను. అయినా నిందపడిన మనిషి కూడా ఆ వేదికలో ఉంటాడు, తప్పుకు తగినంతే దండన ఉంటుంది. ఆ రెండూ వాట్సాప్ తీర్పులో లేవు.

చివరిగా పై అధికారులకు ఒక విన్నపం. వీడియో వచ్చిన సాయంత్రమే కింది ఉద్యోగిని సస్పెండ్ చేస్తే మీ మీది ఒత్తిడి తగ్గుతుంది, గూడకి మాత్రం ఏమీ రాదు. ఇరవైనాలుగు గంటలు ఆగి ఆ ఉద్యోగిని పిలిచి రిజిస్టరు తెప్పించుకు చూడండి. తప్పుంటే శిక్షించండి. ఆ ఉత్తర్వుతో పాటే రోడ్డుకో, నీళ్లకో, బండికో బాధ్యుడైన అధికారికి కూడా అదే రోజు మెమో ఇవ్వండి.