మాటల మూట కాదు, మాటల గుట్టు

ప్రశ్న: తార్నాకలో గది తీసుకుని ఉస్మానియాలో ఎం.ఏ. చదువుతున్నాను. డిగ్రీ దాకా తెలుగు మీడియం. రోజుకు ఇరవై ఇంగ్లిష్ మాటలు బట్టీ పడుతున్నా విమర్శ వ్యాసాలు కొరుకుడు పడటం లేదు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ బట్టీ ఆపండి. విమర్శనాత్మకంగా చదవడానికి అరుదైన మాటలకన్నా రచయిత వైఖరిని పట్టిచ్చే మాటలు ముఖ్యం. ‘స్టేట్’ అంటే చెప్పడం. ‘క్లెయిమ్’ అంటే రుజువు సంగతి పక్కనబెట్టి తనది నిజమనడం. ‘కన్సీడ్’ అంటే ఇష్టం లేకున్నా ఒప్పుకోవడం. ‘ఒస్టెన్సిబ్లీ’ కనిపిస్తే, పైకి చెప్పే కారణం ఒకటి, అసలుది వేరొకటి కావచ్చని రచయిత అనుమానం. ‘అన్నాడు’, ‘దబాయించాడు’, ‘ఒప్పుకున్నాడు’ మధ్య తేడా మీకు తెలుసు కదా, ఇదీ అంతే.

ఒకే విషయంపై రెండు పత్రికల సంపాదకీయాలు తీసుకుని ఇలాంటి మాటల కింద గీత గీయండి. మాటను ఒంటరిగా కాదు, వాక్యంతో సహా రాసుకోండి. మర్నాడు, మూడో రోజు, వారం తర్వాత అర్థం మూసి గుర్తు చేసుకోండి.

మీ పక్కనే ఇఫ్లూ (ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) ఉంది. 1958లో ఇంగ్లిష్ బోధన కోసమే మొదలైన సంస్థ అది. అక్కడ చదివే మిత్రుడొకరు దొరికితే, వారానికో వ్యాసం ఇద్దరూ చదివి వాదించుకోండి. వాదనలో వాడిన మాట మరుపుకు రాదు.