పావులు తగ్గినప్పుడు కంప్యూటర్ ఎందుకు ఆగిపోతుంది?

మన హాస్టల్ కంప్యూటర్ గదిలో ఆదివారం మధ్యాహ్నం చదరంగం సాధన చేసేవాళ్లం పదకొండు మందిమి. ఉన్నది ఒకటే కంప్యూటర్. వార్డెన్ గారు గోడకు అంటించిన పట్టిక ప్రకారం ఒక్కొక్కరికి వచ్చేది ఇరవై నిమిషాలు. అందులో ఆరేడు నిమిషాలు తెర వంక చూస్తూ కూర్చోవడానికే పోతే ఎలా ఉంటుందో లైనులో నిలబడిన వాళ్లకే తెలుసు.

ఆట మొదట్లో ప్రోగ్రాం చకచకా ఎత్తులు వేసేది. బోర్డు మీద ఏడెనిమిది పావులు మిగిలేసరికి నిలబడిపోయేది. డిస్క్ లైటు అదేపనిగా మిణుకుమిణుకుమంటుంది, ఎత్తు మాత్రం రాదు. పావులు తగ్గితే లెక్క తేలిక కావాలి గదా! ఇంకో విచిత్రం, సరిగ్గా ఆరు పావులకు దిగగానే మళ్లీ టకటకా ఆడేది.

ఈ జబ్బు మొదలైంది మన పాత విద్యార్థి అన్నయ్య ఒకరు ఎంతో అభిమానంతో ఇచ్చిన పోర్టబుల్ హార్డ్ డిస్క్ తగిలించిన రోజు నుంచి. "అన్నా, నువ్విచ్చిన డిస్క్ పాడైంది" అని ఫోన్ చేయడానికి మాకు మొహం చెల్లలేదు. అందుకని ముందు మేమే సంగతి ఏమిటో తెలుసుకుందామని కూర్చున్నాం. నాలుగు ఆదివారాలు పట్టింది.

ఆ డిస్కులో ఉన్నవి ఎండ్‌గేమ్ టేబుల్‌బేస్‌లు. ఆట చివర్లో కొద్ది పావులే మిగిలినప్పుడు రాగల స్థితులన్నిటికీ ముందే కట్టిపెట్టిన ఫలితాల పట్టికలన్నమాట. ఎక్కాల పుస్తకం దగ్గర ఉన్నవాడు గుణించనక్కర లేకుండా చూసి చెప్పినట్లే ఇదీ. వీటిని వెనక నుంచి ముందుకు కడతారు. మొదట రాజుకు కట్టు పడిన స్థితులన్నీ గుర్తిస్తారు. తర్వాత ఒక్క ఎత్తులో అక్కడికి చేరేవి, ఆ పైన రెండు ఎత్తుల్లో చేరేవి, ఇలా ఇక మిగలనంత వరకు వెనక్కి నడుస్తారు. 1965లో రిచర్డ్ బెల్‌మన్ అనే గణిత శాస్త్రవేత్త ఈ దారి సూచించారు. యూనిక్స్ తయారు చేసిన వారిలో ఒకరైన కెన్ థాంప్సన్ 1970ల చివరిలో మంత్రికి, ఏనుగుకు మధ్య జరిగే ముగింపు పట్టిక కట్టారు. మంత్రి ఉన్నవాడు గెలుస్తాడని పుస్తకాలన్నీ రాసినదే. కానీ అమెరికా గ్రాండ్‌మాస్టర్ వాల్టర్ బ్రౌన్ మంత్రితో కూర్చుంటే, పట్టిక చూసి ఏనుగుతో ఆడే కంప్యూటర్ మీద 50 ఎత్తుల్లో గెలవలేకపోయారు. ఆయన మళ్లీ సాధన చేసి వచ్చి రెండోసారి సరిగ్గా 50వ ఎత్తులో ఏనుగును పట్టుకున్నారు. ఈ సంగతి చదివాక, మేము మంత్రితో గెలవలేకపోయిన రోజుల గురించి బాధపడటం మానేశాం.

ఇక పట్టికల బరువు చూడండి. ఒక పావుకు 64 గళ్లు. అయిదు పావులంటే 64ను అయిదుసార్లు గుణించాలి, అది 107 కోట్లు దాటుతుంది. ఆరు పావులకు 6,871 కోట్లు. నిజానికి ఇన్ని దాచనక్కర లేదు. ఇద్దరు రాజులను 4,096 రకాలుగా పెట్టవచ్చు గానీ, పక్కపక్కన ఉండకూడదు కాబట్టి 3,612 మిగులుతాయి. బంట్లు లేని ఆటలో బోర్డును తిప్పినా, అద్దంలో చూసినా ఒకటే కాబట్టి అవి 462కు తగ్గుతాయి. బంటు ఉంటే పైకీ కిందకీ తేడా వస్తుంది, అప్పుడు 1,806. మాలో ఒకడు దీన్ని గళ్ల కాగితం మీద వేసి చూపించేదాకా మిగతా వాళ్లం నమ్మలేదు.

ఇంత తగ్గించి, కుదించి దాచినా బరువు బరువే. యూజీన్ నలిమోవ్ పట్టికలు అయిదు పావుల వరకే 7 జీబీ, ఆరు పావులకు 1,000 జీబీ పైమాటే. 2012లో మాస్కో విశ్వవిద్యాలయం వారి లొమొనోసోవ్ సూపర్ కంప్యూటర్ మీద కట్టిన ఏడు పావుల పట్టికలు 140 టీబీ. 2013లో రోనాల్డ్ డి మాన్ తెచ్చిన సిజిజీ పట్టికలు బాగా చిన్నవి. అయిదు పావుల వరకు అన్నీ కలిపి 1 జీబీ లోపు, ఆరు పావులవి దాదాపు 150 జీబీ. అన్నయ్య ఇచ్చిన డిస్కులో ఉన్నవి ఇవే.

అసలు కిటుకు ఇక్కడుంది. ప్రోగ్రాం మొదలైనప్పుడు ఈ 150 జీబీ అంతా చదివేసుకోదు. ఏయే ఫైళ్లు ఉన్నాయో పేర్లు చూసుకుని ఊరుకుంటుంది. ఆలోచించేటప్పుడు ఏ ముక్క కావాలంటే ఆ ముక్క డిస్క్ నుంచి తెచ్చుకుంటుంది. పోర్టబుల్ డిస్క్ లోపలి పళ్లెం నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుందనుకుందాం. అంటే ఒక చుట్టుకు 11 మిల్లీ సెకన్లు. కావలసిన చోటు ముల్లు కిందికి రావడానికి సగటున అర చుట్టు, ముల్లు పక్కకు జరగడానికి ఇంకో పది, పన్నెండు. మొత్తం మీద సెకనుకు అరవై ముక్కలు తెస్తే గొప్ప. మరి ప్రోగ్రాం మా పాత కంప్యూటర్ మీద కూడా సెకనుకు కొన్ని లక్షల స్థితులు చూస్తుంది. భోజనాల దగ్గర వంద మంది పళ్లేలు పట్టుకుని నిలబడితే వడ్డించే గరిటె ఒకటే అయినట్లు!

ఏడెనిమిది పావుల దగ్గరే ఆగడం ఎందుకో కూడా అప్పుడు అర్థమైంది. ప్రోగ్రాం ముందుకు ఆలోచిస్తూ ఒకటి రెండు పావులు కొట్టుకుంటే చాలు, ఆరు పావుల స్థితులు వేలకు వేలు ఎదురవుతాయి. ప్రతిదానికీ డిస్క్ దగ్గరకు పరుగే. తీరా బోర్డు మీదే ఆరు పావులు మిగిలితే వేయగల ఎత్తులు కొన్నే, వాటికి మాత్రం చూసుకుంటే సరిపోతుంది. అందుకే టకటకా ఆడేది.

సిజిజీలో రెండు రకాల ఫైళ్లున్నాయి. గెలుపా, ఓటమా, డ్రానా అని మాత్రమే చెప్పేవి ఒక రకం. ఆలోచన మధ్యలో పదేపదే అడిగేది వీటినే. పావు కొట్టడానికో, బంటు జరపడానికో ఇంకా ఎన్ని ఎత్తులుందో చెప్పేవి రెండో రకం. వీటి అవసరం ఆ స్థితి నిజంగా బోర్డు మీదకు వచ్చినప్పుడే. అయిదు పావుల వరకు మొదటి రకం ఫైళ్లు 145, అన్నీ కలిపి 400 ఎంబీ కూడా లేవు. వాటిని కంప్యూటర్ సొంత డిస్కులోకి మార్చి, ఆరు పావుల ఫైళ్లను ప్రోగ్రాం దారి నుంచి తీసేశాం. ఆట మొదలుపెట్టే ముందు ఆ 145 ఫైళ్లను 'నల్' అనే ఉత్తుత్తి చోటికి ఒకసారి కాపీ చేయిస్తాం. కాపీ ఎక్కడికీ పోదు గానీ, చదివిన సరుకును విండోస్ ఖాళీ మెమరీలో ఉంచుకుంటుంది. ఆ తర్వాత డిస్క్ లైటు వెలగడం చాలా అరుదు. కంప్యూటర్ ఆపితే మెమరీ ఖాళీ అవుతుంది కాబట్టి ప్రతి ఆదివారం మొదటి వంతు వాడిదే ఈ పని.

ఆరు పావులవి కూడా కావాలనుకునే వారు సెట్టింగులలో ప్రోబ్ డెప్త్ అనే అంకెను పెంచి చూడవచ్చు. అప్పుడు ప్రోగ్రాం చివరి కొమ్మల దగ్గర కూడా పట్టిక అడగకుండా, కాస్త లోతు మిగిలి ఉన్నచోటే అడుగుతుంది. మా డిస్క్ మీద కొంత మేలు కనిపించింది, పూర్తిగా కాదు. పళ్లెం తిరగని ఎస్‌ఎస్‌డీ ఉంటే ఈ బాధ చాలా మటుకు ఉండదు.

ఇప్పుడు ఇరవై నిమిషాలకు ఇరవై నిమిషాలూ ఆటే. ఏనుగు, బంటు ఒకవైపు, ఏనుగు ఒకవైపు ఉండే ముగింపునే ఎక్కువ సాధన చేస్తున్నాం, అది అయిదు పావులదే. అన్నయ్యకు ఫోన్ చేసి డిస్క్ బాగానే ఉందని చెప్పాం. అది ఆఫీసు గది బీరువాలో ఉంది. తాళం వార్డెన్ గారి దగ్గర, పదో తరగతి పాఠాల వీడియోలు కూడా అందులోనే పెట్టుకున్నాం.