పికాసాలో పెట్టిన పేర్లు, ఆల్బమ్‌లు పోయినట్లేనా?

ప్రశ్న: విండోస్ 11 ఉన్న కొత్త కంప్యూటర్ కొన్నాం. పాతదాంట్లోని ఫొటోలన్నీ కాపీ చేశాను. కానీ పికాసాలో కట్టుకున్న ఆల్బమ్‌లు, ముఖాలకు రాసిన పేర్లు, సరిదిద్దిన రంగులు కనబడటం లేదు. ఇక అంతేనా?

జవాబు: కంగారు పడకండి. పాత కంప్యూటర్‌ను మాత్రం ఇప్పుడే అమ్మకండి, ఫార్మాట్ చేయించకండి. మీ శ్రమంతా అందులోనే ఉంది.

గూగుల్ 2016 మార్చిలో తన ఫొటో సాఫ్ట్‌వేర్ పికాసాకు స్వస్తి చెప్పింది. మీరు రంగులు సరిచేసినా, అంచులు కత్తిరించినా, 'సేవ్' నొక్కనంత వరకు పికాసా అసలు ఫొటోను ముట్టుకోదు. ఆ మార్పులను అదే ఫోల్డర్‌లో కంటికి కనబడని చిన్న ఫైల్‌లో రాసుకుంటుంది. వేరే సాఫ్ట్‌వేర్లు సాధారణంగా దాన్ని పట్టించుకోవు. మీకు పాత రంగులే కనబడటానికి కారణం ఇదే.

ముందు మొత్తం ఫొటోలను, దాచిన ఫైళ్లతో సహా, ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి ఎక్కించండి. ఆ తర్వాత పాత కంప్యూటర్‌లో పికాసా తెరిచి, ఒక్కో ఆల్బమ్‌ను అసలు సైజులోనే 'ఎక్స్‌పోర్ట్' చేయండి. మార్పులతో కూడిన కాపీలు విడి ఫోల్డర్‌గా వస్తాయి. ఓపిక కావాలి, కానీ ఇంతకంటే నమ్మకమైన దారి లేదు.

ముఖాల పేర్లకు 3.9 వెర్షన్‌లో 'టూల్స్', 'ఎక్స్‌పెరిమెంటల్' కింద పేర్లను ఫొటోలోనే రాసే ఆప్షన్ ఉంది. అలా రాసిన పేర్లను ఉచితంగా దొరికే ఫొటో సాఫ్ట్‌వేర్ డిజికామ్ చదవగలదు. కొత్త కంప్యూటర్‌లో దాన్నే వాడమంటాను. ఊరూపేరూ లేని సైట్ల నుంచి పికాసా దించుకోవద్దు.