ఎదుటి పక్షం లేని విచారణ

చిట్టితల్లీ,

ఒట్టావాలో న్యాయశాఖలో, అదీ జాతీయ భద్రత విభాగంలో చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఇంటిల్లిపాదికీ పండగలా ఉంది. ఇకమీదట నీ ఆఫీసు సంగతులు మేం అడగం, నువ్వూ చెప్పకు. చేరేలోగా నా మాట మాత్రం విను.

1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క విమానం ఐర్లాండ్ తీరానికి దూరంగా బాంబు పేలి కూలిపోయింది. 329 మంది పోయారు. ఎక్కువమంది మన దేశం నుంచి వెళ్లి కెనడాలో స్థిరపడ్డ కుటుంబాలవాళ్లే. అనుమానితుల ఫోన్లు అప్పటికే వింటున్న కెనడా గూఢచారి సంస్థ సీసిస్, రికార్డు చేసిన టేపుల్లో చాలావాటిని చెరిపేసింది. సాక్ష్యంగా పనికొచ్చే మాటలు ఏమున్నాయో ఆ కుటుంబాలకు ఎప్పటికీ తెలియదు. తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. 2008లో చర్కావీ కేసులో కెనడా సుప్రీంకోర్టు, ఒక మనిషి మీద జరిపిన దర్యాప్తు నోట్సును సీసిస్ భద్రపరచాల్సిందేనంది. తీరా 2016లో ఫెడరల్ కోర్టు న్యాయమూర్తి సిమోన్ నోయెల్ ఎదుటికొచ్చింది ఆ టేపుల చెరిపివేతకు పూర్తిగా విరుద్ధమైన సంగతి. దేశానికి ముప్పు కానివాళ్ల మెటాడేటాను అదే సంస్థ పదేళ్లుగా చట్టవిరుద్ధంగా దాచుకుంది!

సీసిస్ చట్టం 12వ సెక్షన్ సమాచార సేకరణను ‘ఖచ్చితంగా అవసరమైనంత మేరకే’ అంటుంది. ఆ మేర ఎంతో తేల్చమని ఫైలు నీ దగ్గరకొస్తుంది. ఆ డేటా ఎవరిది, ఎలా వచ్చింది, ఎన్నాళ్లుంటుంది అన్నవి ఇంజనీర్ల పక్కన కూర్చుని అడుగు. అర్థం కాకపోతే మళ్లీ అడుగు.

ఫోను వినడానికి సీసిస్ కోర్టును అడిగే వారంటు విచారణ మూసిన తలుపుల వెనక జరుగుతుంది. ఎవరి ఫోను వినబోతున్నారో ఆ మనిషి అక్కడ ఉండడు, అతని తరఫు లాయరూ ఉండడు. కాబట్టి మీ దరఖాస్తుకు అడ్డొచ్చే సంగతులు కూడా జడ్జికి నువ్వే చెప్పాలి. కొంత సమాచారం చట్టవిరుద్ధమైన పనుల ద్వారా వచ్చి ఉండొచ్చన్న సంగతి కోర్టుకు చెప్పలేదని 2020లో న్యాయమూర్తి పాట్రిక్ గ్లీసన్ సీసిస్‌తో పాటు న్యాయశాఖనూ తప్పుపట్టారు. ఆ తీర్పును చేరకముందే మొదటి నుంచి చివరిదాకా చదువు.

నీ దగ్గరకొచ్చే అధికారులు చెడ్డవాళ్లేం కారు. మరో కనిష్క జరుగుతుందేమోనన్న వాళ్ల భయం నిజమైనది. ఆ తొందరలోనే అఫిడవిట్‌లో ఒక పేరా తీసేయమంటారు. కుదరదని మర్యాదగా చెప్పు. ఇచ్చిన సలహాను తేదీతో సహా రాతలో పెట్టు. పైవాళ్లు ఒప్పుకోకపోతే ఆ సంగతీ అందులోనే రాయి.

ప్రేమతో,
మీ మామయ్య