మల్లెపూలను ఎందుకు ఉడికించరు?

సెంటు అంటే మనకు పెళ్ళికి పోయేటప్పుడు రూమ్మేటును అడిగి చొక్కాకు రాసుకునే చిన్న సీసా. అది డబ్బున్నోళ్ళ వస్తువు అనుకుంటాం. కానీ దాని వెనుక ఉన్న పాఠం ఇంటర్ కెమిస్ట్రీలోనే ఉంది. చాలామందిమి దాన్ని మార్కుల కోసం బట్టీ పట్టి వదిలేశాం.

ఆ పాఠం పేరు నీటిఆవిరి స్వేదనం. నిమ్మగడ్డి వాసనకు ముఖ్య కారణం సిట్రాల్. అది విడిగా మరగాలంటే దాదాపు 229 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. అంత వేడికి వాసన చెడిపోతుంది. అయితే నూనె నీటిలో కలవదు కదా! అలాంటి రెండు ద్రవాల బాష్పపీడనాల మొత్తం వాతావరణ పీడనానికి సమానమైతే చాలు, మిశ్రమం మరుగుతుంది. కాబట్టి 100 డిగ్రీల లోపే నూనె ఆవిరితో కలిసి వచ్చేస్తుంది. చల్లారిస్తే నీటిపై తేలుతుంది. మిర్యాలగూడ మిల్లుల్లో ఊక మండించి, బాయిలర్ ఆవిరితో ధాన్యం ఉడికించడం చూసినవారికి ఇది తేలిక. అక్కడ ఆవిరి గింజలోకి పోతుంది, ఇక్కడ ఆకులోని నూనెను వెంటబెట్టుకొస్తుంది.

వట్టివేరుకు ఇదే పద్ధతి, కాకపోతే నూనె బరువైనది, గంటల తరబడి కాయాలి.

మల్లె దగ్గర ఈ పద్ధతి పనికిరాదు. ఆ వేడికి దాని సువాసన మారిపోతుంది. పైగా మల్లె కోసిన తర్వాత కూడా వాసన వదులుతూనే ఉంటుంది. ఫ్రాన్సులోని గ్రాస్ పట్టణంవారు దీన్ని కనిపెట్టి, గాజు పలకలకు కొవ్వు పూసి, దానిపై పూలు పరిచేవారు. వాడినవి తీసి కొత్తవి పెట్టేవారు. వాసన పట్టిన కొవ్వును ఆల్కహాలుతో కడిగేవారు. ఇప్పుడు ఎక్కువగా హెక్సేన్ వంటి ద్రావణితో తీస్తున్నారు. తమిళనాడులో అలాంటి ఫ్యాక్టరీలున్నాయి.

ఇక కలపడం. కన్నౌజ్ అత్తరులో పూల ఆవిరిని గంధపు నూనెలోకి దింపుతారు, అందుకే ఒంటికి అంటుకుని ఉంటుంది. యూరప్ వారిది ఆల్కహాలు. 1709లో ఫరీనా అనే ఇటలీ ఆయన జర్మనీలోని కొలోన్‌లో మొదలుపెట్టిన సెంటు పేరే నేటి కొలోన్. ఆల్కహాలు ఆరిపోతూ వాసనను గాలిలోకి విసురుతుంది. వారు మిశ్రమాన్ని ఆవిరయ్యే వేగాన్ని బట్టి కడతారు: ముందు నిమ్మ, తర్వాత మల్లె, చివర వట్టివేరు, గంధం. మన మాలల్లో కట్టే దవనం నూనె కూడా విదేశీ సెంట్లలోకి పోతోంది.

నూనెలో ఏముందో గ్యాస్ క్రొమటోగ్రఫీ చెబుతుంది. పండించినవాడికి ఆ లెక్క తెలియకపోతే కొనేవాడు చెప్పిందే ధర. సూర్యాపేట, కోదాడ కాలేజీల్లో బి.ఎస్సీ. కెమిస్ట్రీ చదివే మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఆ లెక్క నేర్చుకోగలరు. ఈ పంటలపై పనిచేసే సీమాప్ పరిశోధన కేంద్రం హైదరాబాద్ బోడుప్పల్‌లోనే ఉంది.

ఖర్చులేని ప్రయోగం ఒకటి. ఒక కాగితం ముక్కపై నిమ్మతొక్క పిండండి. ఇంకోదానిపై తడి వట్టివేరు గట్టిగా రుద్దండి. వెంటనే ఒకసారి, గంటకు ఒకసారి, తెల్లారి ఒకసారి వాసన చూసి రాసుకోండి. ల్యాబ్ స్పిరిట్ మాత్రం ముట్టుకోవద్దు, అది ఇట్టే అంటుకుంటుంది.