ఈ డిజైన్ తెలుగు ఫాంట్ ఏంటి? ఫొటో నుంచి పేరు పట్టుకునే పద్ధతి

పెళ్లి కార్డు, సినిమా పోస్టర్, కారం ప్యాకెట్... ఎక్కడో ఒక అందమైన తెలుగు అక్షరం కనిపిస్తుంది. ఫొటో తీసి గ్రూప్‌లో పెట్టి "బ్రో, ఈ ఫాంట్ పేరేంటి?" అని అడుగుతాం. ఇంగ్లిష్ అయితే వాట్‌దిఫాంట్‌కి ఫొటో ఇస్తే దగ్గరి పేర్లు చూపిస్తుంది. తెలుగుకి దాన్ని నమ్ముకోవద్దు. గూగుల్ లెన్స్ కూడా అక్కడ ఏం రాసుందో చదువుతుంది కానీ, ఏ ఫాంటో చెప్పదు. కాబట్టి మన కళ్లతోనే పట్టుకోవాలి.

మొదట తేల్చాల్సింది ఒకటుంది. అది అసలు ఫాంటేనా, చేత్తో రాసిందా? ఫొటోలో రెండుసార్లు వచ్చిన అక్షరం ఒకటి వెతకండి. రెండింటినీ కట్ చేసి, ఒకదాని మీద ఒకటి సగం పారదర్శకంగా పెట్టండి. అచ్చంగా కలిసిపోతే ఫాంట్. వంపులో తేడా వస్తే దాదాపుగా చేతిరాత, దానికి డౌన్‌లోడ్ లింక్ ఎక్కడా దొరకదు.

మా బాబాయికి గుంటూరు మిర్చి వ్యాపారం. పాత టిక్కీల మీద ఉన్న పేరే కొత్త సంచుల మీద కూడా రావాలన్నాడు. కొనేవాళ్లు ఆ అక్షరాలు చూసే సరుకు గుర్తుపడతారట. డిజైన్ చేసిన షాపు మూతపడింది, ఫైల్ లేదు. ఆ పేరులో "రు" రెండుసార్లు ఉంది. ఒకదాని కొమ్ము పొడుగు, రెండోదాని కొమ్ము పొట్టి. అంటే పెయింటర్ చేతి పని. దాంతో ఫాంట్ వెతకడం మానేసి, సంచిని నిటారుగా ఫొటో తీసి, ఇంక్‌స్కేప్‌లో అక్షరాల అంచుల వెంట గీసి వెక్టర్ చేశాను. రెండు సాయంత్రాలు పట్టింది. అదే ఫాంట్ అయ్యుంటే పది నిమిషాల పని.

ఫాంటేనని తేలితే, ఫొటో కంటే పీడీఎఫ్ ఉందేమో అడగండి. కంప్యూటర్‌లో అక్రోబాట్ రీడర్‌తో తెరిచి డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లో ఫాంట్స్ ట్యాబ్ చూస్తే పేరు అక్కడే ఉంటుంది. ట్యాబ్ ఖాళీగా ఉంటే డిజైనర్ కోరల్‌డ్రాలో అక్షరాల్ని కర్వ్స్‌గా మార్చేసి ఉండొచ్చు. ఫ్లెక్స్ షాపుల్లో ఇది మామూలే.

ఫోన్‌లోనే ఇంకో పరీక్ష ఉంది. పీడీఎఫ్‌లో ఆ పదాన్ని నొక్కి పట్టుకుని కాపీ చేసి, వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. తెలుగే వస్తే యూనికోడ్ ఫాంట్. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తే అను లాంటి పాత డీటీపీ ఫాంట్ అయ్యుంటుంది. ఇవి ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల్ని కూర్చుకున్నవి. ఇలాంటిది ఫోన్‌లో వేసుకున్నా మీ తెలుగు కీబోర్డుతో టైప్ కాదు. పేరు దొరికిందని సంబరపడేలోపు ఈ సంగతి చూసుకోండి.

ఇక పోలిక. ఇంగ్లిష్‌లో అలంకారమంతా పెద్ద అక్షరాల మీద పెడతారు. మనకు పెద్ద, చిన్న అక్షరాల తేడానే లేదు కదా, మన సోకంతా తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తుల్లో ఉంటుంది. ముందు తలకట్టు చూడండి. అది టిక్ గుర్తులా ఉందా, ఆకులా ఉందా, కుంచె విసిరినట్టుందా? "గుంటూరు"లో గు, రు మీద అది బాగా తెలుస్తుంది. ఖ, జ, ణ, బ, ల లాంటి వాటికి తలకట్టు విడిగా ఉండదు, కాబట్టి వాటితో మొదలుపెట్టకండి. తర్వాత ఒత్తులు. "పత్తి"లో త ఒత్తు సైజు, అది ఎంత కిందికి దిగిందో చూస్తే సగం ఫాంట్లు పోటీలోంచి తప్పుకుంటాయి.

పోల్చడానికి గూగుల్ ఫాంట్స్‌లో భాష తెలుగు అని పెట్టి, ప్రివ్యూలో మీ పదమే టైప్ చేయండి. సిలికానాంధ్ర తెచ్చిన ఫాంట్లు అక్కడ చాలా ఉన్నాయి. పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ అని అష్టదిగ్గజాల పేర్లు పెట్టారు. లావు హెడ్డింగ్ అయితే రామభద్ర, చేతిరాతలా ఉంటే లక్కిరెడ్డి ముందు చూడండి. నా ఓటు రామభద్రకే, చిన్న లేబుల్ మీద కూడా చదవగలం. ఇవి ఓపెన్ ఫాంట్ లైసెన్సులో ఉన్నాయి కాబట్టి అమ్మే ప్యాకెట్ మీద వాడుకున్నా ఇబ్బంది లేదు. వేరే సైట్లలో "వ్యక్తిగత వాడకానికి ఉచితం" అని ఉంటే, ఇన్‌స్టాలో అమ్మే పచ్చడి సీసాకి అది వర్తించదు.

టీటీఎఫ్ ఫైల్‌ని పిక్సెల్‌ల్యాబ్‌లో వేసుకోవచ్చు. కాన్వాలో సొంత ఫాంట్ ఎక్కించాలంటే పెయిడ్ ప్లాన్ కావాలి. ఏదైనా సరే, ముందు "మిర్చి", "స్త్రీ" టైప్ చేయండి. "మిర్చి"లో గుడి ర మీద కూర్చుని, చ ఒత్తుగా కిందికి రావాలి. "స్త్రీ" కంప్యూటర్‌కి ఆరు ముక్కలు, మనకి ఒక్క అక్షరం.

పేరా మొదట్లో పెద్ద అలంకార అక్షరం పెట్టాలన్నా ఇదే లెక్క. "గుంటూరు" అయితే గ ఒక్కటే కాదు, "గుం" మొత్తం పెద్దది చేయాలి. యాప్ దానంతట అది గ దగ్గరే తెంపేస్తే, "గుం"ని వేరే టెక్స్ట్ బాక్సులో పెట్టి పక్కన జరుపుకోండి.