దంతసేవకు అంకితమైన జీవితము

‘ఏ రాయి అయిననేమి పళ్ళూడగొట్టుకొనుటకు’ అను సామెత తెలుగునాట వాడుకలో కలదు. సామెత పరిహాసమునకు చెప్పినదే కాని, పళ్ళు పోయినవాని కష్టము పరిహాసము కాదు. వాడు అన్నము చక్కగా నమలలేడు. మాట స్పష్టముగా పలుకలేడు. నలుగురిలో నవ్వుటకు జంకును. కలిగినవాడు వైద్యుని ఆశ్రయించును. దినకూలితో బ్రతుకువాడు ఏమి చేయగలడు? నొప్పి పుట్టిననాడు లవంగము నూరి పెట్టుకొనును. నొప్పి ఓర్వరానినాడు పన్ను పీకించుకొనును. నూరేండ్లకు పూర్వము మన దేశమున పన్ను పీకు పని పెక్కుచోట్ల చదువులేని వీధివైద్యుల చేతిలోనే యుండెడిది. దంతవైద్యము నేర్పు కళాశాల దేశమున ఒక్కటియు లేకుండెను. ఆ కొరతను తీర్చిన మహనీయుడు డాక్టరు రఫీయుద్దీన్ అహమ్మద్.

అహమ్మదుగారు 1890వ సంవత్సరము డిసెంబరు 24వ తేదీన తూర్పు బెంగాలునందు జన్మించిరి. ఉన్నత విద్యకై అమెరికాకు పోయి, 1915లో అయోవా విశ్వవిద్యాలయమున దంతవైద్య పట్టమును పొందిరి. పిమ్మట బోస్టన్ నగరమునందలి ఫోర్సైత్ బాలల దంతవైద్యశాలలో 1918 వరకు పనిచేసిరి. ఫోర్సైత్ వంశీయుల దానముతో నెలకొని, 1914లో తెరువబడిన వైద్యశాల అది. ధనము లేదను కారణమున ఏ బిడ్డయు పంటి వైద్యమునకు దూరము కారాదనుటయే దాని ఆశయము.

ఆ దినములలోనే అదే దేశమున మరియొక మంచి ప్రయత్నము జరుగుచుండెను. బ్రిడ్జిపోర్టు పట్టణమున ఆల్‌ఫ్రెడ్ ఫోన్స్ అను దంతవైద్యుడు 1913లో కొందరు స్త్రీలకు దంతములను శుభ్రపరచు విద్యను నేర్పెను. మరుసటి సంవత్సరము వారు పాఠశాలలకు పోయి, పిల్లల పళ్ళను శుభ్రముచేసి, పళ్ళు తోముకొను పద్ధతిని బోధింపసాగిరి. బోస్టనులో వైద్యము పేదబిడ్డకు అందుబాటులోనికి వచ్చెను. బ్రిడ్జిపోర్టులో జ్ఞానము బడి గడపలోనికి వచ్చెను.

ఈ రెండును ఏల కావలెను? తినిన తీపిలోని చక్కెరను నోటియందలి సూక్ష్మజీవులు గ్రహించి ఆమ్లమును పుట్టించును. ఆ ఆమ్లము పంటిపైనున్న పింగాణివంటి గట్టిపొరను కొద్దికొద్దిగా కరగించును. విరిగిన ఎముక మరల అతుకుకొనును గాని, ఈ పొరయందు పడిన గుంట తనంత తాను పూడదు. మొదట నొప్పియే యుండదు. నొప్పి తెలియునాటికి గుంట నరముదాక పోయియుండును. కనుక వైద్యశాల తలుపులు ఎంత ఉచితముగా తెరచియున్నను, నొప్పి పుట్టిననాడే వచ్చువానికి అది చేయగల మేలు స్వల్పము. అట్లే, ఎంత తెలిసినవాడైనను, చేరువలో వైద్యుడు లేనిచో పన్ను పోగొట్టుకొనక తప్పదు.

అహమ్మదుగారు 1919లో స్వదేశమునకు తిరిగివచ్చిరి. అమెరికాలో చదివినవారికి కలకత్తా నగరమున ధనార్జన కష్టము కాదు. కాని తానొక్కడు ఎందరి నొప్పిని తీర్చగలడు? వైద్యులను తయారుచేయుటయే మార్గమని తలచి, 1920లో కలకత్తాయందు దంతవైద్య కళాశాలను స్థాపించిరి. భారతదేశమున ఇట్టి కళాశాలలలో ఇదియే మొదటిది. దానిని నడపుటకు ధనమెక్కడిది? ఆయన ‘న్యూయార్క్ సోడా ఫౌంటెన్’ అను ఐస్‌క్రీము అంగడిని నడపి, దాని రాబడిని కళాశాలకు వినియోగించిరి. పంటికి చేటు తెచ్చు తీపి, పంటివైద్యుల చదువునకు అక్కరకు వచ్చుట విచిత్రము కదా!

1925లో ఆయన ఒక దంతవైద్య పత్రికను వెలువరించి, పెక్కేండ్లు దానికి సంపాదకత్వము వహించిరి. ముప్పది యేండ్లు శ్రమించి పెంచిన కళాశాలను 1949లో పశ్చిమ బెంగాలు ప్రభుత్వమునకు అప్పగించిరి. తన సొత్తుగా నుంచుకొనదగినదానిని ప్రజల సొత్తు గావించుట సామాన్యమైన త్యాగము కాదు. 1964లో భారత ప్రభుత్వము వారిని పద్మభూషణ్ బిరుదముతో గౌరవించెను. 1965లో వారు కీర్తిశేషులైరి. నేడు ఆ కళాశాల వారి పేరనే వెలయుచున్నది. వారి జన్మదినమగు డిసెంబరు 24ను దంతవైద్య దినముగా జరుపుకొనుచున్నారు.

ఇప్పుడు దేశమున దంతవైద్య కళాశాలలు వందలకొలది కలవు. హైదరాబాదునందలి ప్రభుత్వ దంతవైద్య కళాశాల వంటివానికి అనుబంధముగా ఆసుపత్రులును కలవు. పెక్కు జిల్లా ఆసుపత్రులలో దంతవిభాగములు నడచుచున్నవి. 2014లో భారత ప్రభుత్వము జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమమును ఆరంభించెను. అయినను పల్లెలలో ఎందరో నొప్పి ముదిరినగాని బయలుదేరరు. కొందరికి పంటివైద్యమన్న భయము. కొందరికి కూలి పోవునని దిగులు. కొందరికి తమ ఊరికి చేరువలోనే దంతవిభాగము కలదని తెలియనే తెలియదు.

ఇచ్చట విద్యార్థులు చేయదగిన పని కలదు. ఫ్లోరైడు గల పేస్టుతో ఉదయమును, రాత్రి నిద్రకు ముందును పళ్ళు తోముకొనుట, మాటిమాటికి తీపి తినకుండుట, పొగాకును దరిచేరనీయకుండుట తమకై చేసుకొనవలసినవి. దగ్గరి ఆసుపత్రిలో దంతవైద్యుడు ఏ దినములలో ఉండునో విచారించి ఇరుగుపొరుగులకు తెలుపుట, పన్ను నల్లబడిన తమ్మునో, చిగుళ్ళు వాచిన అవ్వనో నొప్పి ముదురకముందే వెంటబెట్టుకొని పోవుట ఇతరులకై చేయవలసినవి. ఇందులకు ధనముతో పనిలేదు. అహమ్మదుగారు కళాశాలను కట్టి వైద్యులను ఇచ్చిరి. ఆ వైద్యుని వాకిటికి పేదవానిని సకాలమున చేర్చు బాధ్యత చదువుకొన్న ప్రతి బాలునిది, ప్రతి బాలికది.